గోడ చూసి ఇచ్చే ఫీజు

ఎల్లారెడ్డిలో గవర్నమెంటు జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఇల్లు కామారెడ్డిలో. పొద్దున్నే బస్సెక్కితే తాడ్వాయి మీదుగా గంటకు పైనే ప్రయాణం, సాయంత్రం మళ్లీ అంతే. గుండెకు ఎన్ని గదులో, మెదడులో ఎన్ని భాగాలో చెప్పినందుకు నాకు జీతమిస్తారు. సిలబస్‌లో లేని క్లాసు ఒకటి కూడా చెబుతాను. దానికి జీతం లేదు, టైంటేబుల్‌లో చోటు లేదు, ఇద్దరు ప్రిన్సిపాళ్లు వద్దని కూడా అన్నారు. పిల్లలు దాన్ని కాగితాల క్లాసు అంటారు.

సెకండియర్ ప్రాక్టికల్స్ అయిపోయిన మర్నాటి నుంచి ల్యాబులోనే పెడతాను. ఫార్మలిన్ సీసాలో చుట్టుకుని పడుకున్న పాము పక్కన ఫారాలు పరుస్తాను. కుల సర్టిఫికెట్టు ఎక్కడ తీయాలి, ఆదాయం కాగితం ఎన్నాళ్లు పనికొస్తుంది, బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద ఉండాలి, ఆధార్‌కు కలిపిన ఫోను ఇంట్లో ఉందా లేక అన్నతో పాటు హైదరాబాదు పోయిందా, అన్నీ అడుగుతాను. ఇంటర్ దాకా మా దగ్గర ఫీజు లేదు. ఆ తర్వాత మొదలవుతుంది. ఆ ఫీజు సర్కారు కట్టాలంటే ముందు కాగితాలు మాట్లాడాలి, ఆ తర్వాతే మార్కులు. మంచి మార్కులొచ్చి కూడా ఒక్క కాగితం లేక ఇంట్లో కూర్చున్న పిల్లల్ని చూసి చూసి ఈ క్లాసు మొదలుపెట్టాను.

మార్చి వచ్చిందంటే ప్రైవేటు కాలేజీల మనుషులు మోటారు సైకిళ్ల మీద మా గేటు ముందు దిగుతారు. బస్సు ఫ్రీ, ట్యాబు ఫ్రీ, మీ నాయన ఫోన్ నంబరు ఇస్తే చాలు అంటారు. నంబరు ఇచ్చిన పిల్ల ఇంటికి సాయంత్రానికల్లా వెళ్లి ఒరిజినల్ మెమోలు పట్టుకుపోతారు. ఒకసారి ఒకతని చేతిలోంచి కరపత్రాల కట్ట లాక్కుని చెత్తకుండీలో పడేశాను. అతను ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేశాడు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, మీరు కాంట్రాక్టులో ఉన్నారు మేడమ్, అది గుర్తుంచుకోండి అన్నారు. గుర్తుంచుకున్నాను. మర్నాడు అరగంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను.

ఇదంతా ఛాతీ విరుచుకుని చెప్పుకోగలను. ఇప్పుడు చెప్పబోయేది అలా చెప్పుకునేది కాదు.

కాగితాల క్లాసు చివర కొందరు పిల్లల్ని ఆగమనేదాన్ని. ఎస్సీ వాడల నుంచి వచ్చే పిల్లల్లో ఆదివారం ప్రార్థనకు వెళ్లే ఇళ్ల వాళ్లుంటారు, వాళ్లను. మిగతా వాళ్లు వెళ్లిపోయాక తలుపు దగ్గరికి వేసి, "ఎంక్వైరీకి వచ్చే ముందు గోడ చూసుకోండి" అని చెప్పేదాన్ని. అంతకన్నా వివరంగా ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

సంగతేమిటంటే, ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారితే వాళ్లు ఎస్సీలు కారు, బీసీ-సి అవుతారని రూలు. ఆ రూలుతో సీటు మారుతుంది, సర్కారు కట్టే ఫీజు మారుతుంది. అందుకే సర్టిఫికెట్టు ఇచ్చే ముందు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి చూస్తాడు. మా దగ్గర ఆయన్ని గిర్దావర్ అంటారు. గిర్దావర్ వస్తున్నాడని తెలియగానే ఏసు క్యాలెండరు గోడ దిగి బొంతల మడతల్లోకి పోయేది. బైబిలు బియ్యం డ్రమ్ములోకి పోయేది. మేకు మాత్రం ఖాళీగా కనిపిస్తే బాగుండదని దానికి ఎల్లమ్మనో, లక్ష్మినో తగిలించేవాళ్లు. గిర్దావర్ బండి ఊరు దాటాక బైబిలు తీసి, తవుడు దులిపి, ఎక్కడిదక్కడ పెట్టుకునేవాళ్లు. ఇది నేను కనిపెట్టింది కాదు, నాకన్నా ముందు నుంచీ ఉన్నదే. దాన్ని క్లాసులో చేర్చింది మాత్రం నేనే.

ఎందుకు చేర్చానంటే నాకు ఒళ్లు మండింది కాబట్టి. ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాక వాళ్ల వాడ మారలేదు. కూలి మారలేదు. పెళ్లి విందులో వాళ్లను కూర్చోబెట్టే వరస కూడా మారలేదు. ఊళ్లో ఎవరూ వాళ్లను నిన్నటి కన్నా ఒక మెట్టు పైన చూడలేదు. సర్కారు ఒక్కటే, మీరు మారిపోయారు, మీ కష్టం తీరిపోయింది అంటుంది. నేను దోమకొండ వైపు భూమున్న ఇంట్లో పుట్టాను. మా బాపు మక్క పంట అమ్మి నా ఫీజు కట్టాడు. మా ఇంటి గోడలు చూడటానికి ఏ గిర్దావరూ రాలేదు. మా గోడ మీద ఎంతమంది దేవుళ్లున్నారో సర్కారుకు ఇప్పటికీ తెలియదు. నాకు లేని పరీక్ష వీళ్లకెందుకు పెడుతున్నారని కోపం. ఆ కోపంలో, దొంగ పరీక్షకు దొంగ జవాబు చాల్లే అనుకున్నాను.

ఆ అనుకోవడాన్ని ఒక పిల్ల తలకిందులు చేసింది.

ఎల్లారెడ్డికి ఇవతల, మెయిన్ రోడ్డు దిగి లోపలికి నడిచే ఊరు వాళ్లది. కాలేజీలో ఒకసారి హెల్త్ క్యాంపు పెట్టినప్పుడు వచ్చిన నర్సమ్మ వెనకాలే రోజంతా తిరిగి బీపీ చూడటం నేర్చుకుంది. ఆ మిషను ల్యాబులో ఒకటి పడి ఉండేది. వారం తిరిగేలోపు వాచ్‌మన్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరి బీపీలూ తన నోటుబుక్కులోకి ఎక్కాయి. నాది ఎక్కువుందని నా టిఫిన్ డబ్బాలో పచ్చడి తీసేయమని చెప్పింది. నేను తీయలేదు, అది వేరే సంగతి. తండ్రి జబ్బు చేసి పోయి అప్పటికి రెండేళ్లు. ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్న రోజుల్లోనే నర్సు కావాలనుకుందట. నాతో చెప్పినప్పుడు కావాలని ఉంది అనలేదు, అయితాను అంది.

ఎంట్రెన్స్‌లో వచ్చిన ర్యాంకు గొప్పదేం కాదు, తీసిపారేసేదీ కాదు. నిరుడు ఎస్సీ కేటగిరీలో సీట్లు ఏ ర్యాంకు దాకా వెళ్లాయో చూశాను. గవర్నమెంటు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చేట్టే ఉంది. ఫీజు, హాస్టలు, మెస్సు ఏదీ వాళ్లమ్మ మీద పడదు. అదే బీసీ-సిలో అయితే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటర్ దాకా అవసరం పడక ఆ పిల్ల కుల సర్టిఫికెట్టే తీయలేదు, ఇదే మొదటిసారి. బడి రికార్డులో ఎప్పుడో ఎవరో హిందూ అని రాసి ఉంచారు. ఇక గోడ ఒక్కటే మిగిలింది.

అందుకని ఒక ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. చేతిలో ఒక సంచి. అందులో వెంకటేశ్వరస్వామి ఫోటో. తిరుపతి నుంచి ఎవరో తెచ్చిస్తే, ఇంట్లో అప్పటికే రెండున్నాయని బీరువా మీద పెట్టేసిన ఫోటో అది. వాళ్లకు దేవుడి ఫోటో కొనుక్కునే ఖర్చు ఎందుకని మిగిలిపోయిన దేవుణ్ని పట్టుకెళ్లాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆ రోజు మాత్రం ఎంత తెలివైన పని చేస్తున్నానో అనుకున్నాను.

ఇల్లు ఒక గది, ముందు రేకుల పంచ. తల్లి నాకన్నా రెండుమూడేళ్లు పెద్దదై ఉంటుంది. అక్కా అని పిలిచాను. రోజూ కూలికి పోతుంది, చిన్న మడి ఒకటి కౌలుకు చేస్తుంది. తలుపుకు ఎదురుగా గోడ మీద ఏసు క్యాలెండరు, కిందటేడుది. నెలల కాగితాలు చింపేసి బొమ్మ ఒక్కటే ఉంచుకున్నారు. గిర్దావర్ ఎప్పుడొస్తాడో, ఏమడుగుతాడో అంతా విడమరిచి చెప్పాను. సీటు సంగతి చెప్పాను. క్యాలెండరు ఒక్క పూట తీస్తే నాలుగేళ్ల చదువు గట్టెక్కుతుందని చెప్పాను. పిల్ల తలూపింది. సంచిలోంచి ఫోటో తీసి ఇస్తే, తల్లి చేతులు కడుక్కుని వచ్చి, కొంగుకు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుంది. టీ పోసింది. ఒప్పుకున్నట్టే అనుకుని బస్సెక్కాను.

గిర్దావర్ వచ్చే రోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. సాక్షిగా కాదు, కాపలాగా. నేను వెళ్లేసరికి వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఇరుగుపొరుగు వాళ్లను నాలుగు మాటలు అడుగుతారు కాబట్టి రమ్మన్నట్టున్నారు అనుకున్నాను. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టి గోడ చూశాను.

క్యాలెండరు ఎక్కడుందో అక్కడే ఉంది. దాని పక్కన, అదే ఎత్తులో, కొత్త మేకుకు నేనిచ్చిన వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. అద్దం తళతళలాడేట్టు తుడిచారు.

నేను పిల్ల వైపు చూశాను. పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది. ఇదేమిటక్కా అని నేను నోరు తెరిచేలోపు బయట బండి ఆగింది.

గిర్దావర్ పెద్ద వయసు మనిషి, నెమ్మదస్తుడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫైలు మోకాళ్ల మీద పెట్టుకుని, తలెత్తి గోడ చూశాడు. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఖాళీ మేకులు, కొత్త ఫోటోలు ఎన్ని చూసుంటాడో. ఇలాంటి గోడ మాత్రం చూసుండడు.

"ఏందమ్మా, రెండున్నయ్?" అన్నాడు.

"గా బొమ్మ మాది సారు," అంది తల్లి క్యాలెండరు చూపిస్తూ. "గిది మా మేడమ్ ఇచ్చింది. ఇంటికొచ్చి ఇచ్చింది తీసుకోకుంట ఎట్ల, తగిలించినం."

ఆయన నా వైపు తిరిగాడు. ఆయనకు మొత్తం అర్థమైపోయిందని ఆ చూపుతోనే తెలిసింది. ముప్పై మంది పిల్లల ముందు గొంతెత్తి మాట్లాడే నేను, ఆ గదిలో కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన మంచివాడు. పెన్ను తీసి ఫైలు మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా, "బడి కాగితంల హిందూ అని ఉన్నది. గోడ మీద దేవుడు గూడ ఉన్నడు. నేను గట్లనే రాసుకుంటున్న. ఎవరన్న వేరే చెప్పేదుంటె చెప్పుండ్రి" అన్నాడు.

అంతకన్నా ఏ అధికారీ చేయడు. ఇక మా వంతు నోరు మూసుకోవడమే. చదువు పిల్లది, మాట కూడా పిల్లదే అన్నట్టు తల్లి కూతురి వైపు చూసింది. నేను ఆ పిల్ల వైపు, పరీక్షలో కాపీ కొట్టే వాళ్లను చూసినట్టు గుడ్లురిమి చూశాను. మాట్లాడొద్దు అని. ఆ పిల్ల నన్ను చూసింది, వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లను చూసింది.

"సార్, మేము ఆదివారం ప్రార్థనకు పోతం," అంది. "గదే రాసుకోండి."

ఆయన మరోసారి అడిగాడు, సమజ్ చేసుకునే చెబుతున్నవా బిడ్డా అని. అన్నీ అర్థం చేసుకునే చెబుతున్న సార్ అంది. నేను ఉండబట్టలేక, ఈ ఇంట్లో బియ్యం ఎన్నున్నాయో రాసే కాలమ్ లేదా సార్ మీ ఫారంలో అని అడిగాను. ఆయన నొచ్చుకున్నట్టు చూసి, "నా చేతుల ఏమున్నది మేడమ్. ఉన్నది రాసుడే నా పని" అన్నాడు. రాసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

బస్టాపు దాకా ఆ పిల్ల నాతో వచ్చింది. దారి పొడవునా తిట్టాను. సీటు చేతికందే టైముకు కాలదన్నుకున్నావన్నాను. నీకోసం నేను సెలవు పెట్టుకుని, ఆ సారు అంత దారి చూపిస్తే, ఒక్క నిమిషం నోరు మూసుకోలేకపోయావా అన్నాను. దేవుడేమైనా క్యాలెండరులో ఉంటాడా అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల అన్నీ విని, బస్సు కనిపించాక చెప్పింది.

"బాపు సచ్చిపోయిననాడు అమ్మ మంచం పట్టింది మేడమ్. నాట్ల టైము. మడి ఎండితె కౌలు మీద పడుతది. గా వాకిట్ల నిలబడ్డోళ్లు లేరా, ప్రార్థనకొచ్చే ఆడోళ్లు, కూలి ఇడిసిపెట్టి వచ్చి మా మడిల నాటేసిండ్రు. పైస తీసుకోలే. వాళ్ల ముంగట నిలబడి, మీరెవరో నాకు తెల్వదని ఎట్లంట?"

బస్సొచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. తాడ్వాయి దాకా కోపమే. తాడ్వాయి దాటాక ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఎవరన్నా పోయిండ్రా బిడ్డా అని అడిగింది. ఎవరూ పోలేదవ్వా, నా తెలివి పోయిందన్నాను. ఆమెకు అర్థం కాక, తన సంచిలోంచి ఒక జామకాయ తీసిచ్చింది.

బీసీ-సి సర్టిఫికెట్టు వచ్చింది. కౌన్సెలింగు మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలో రాలేదు. కామారెడ్డిలో మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆప్షన్లు పెట్టేవాళ్లం. ఆ పిల్ల పొద్దున బస్సుకు వచ్చి మా వంటింట్లో ఉల్లిగడ్డలు కోసిపెట్టి, సాయంత్రం బస్సుకు పోయేది. తనకన్నా తక్కువ ర్యాంకు వాళ్లకు గవర్నమెంటు కాలేజీలో సీటొచ్చిందని తెలిసిన రోజు నేను కంప్యూటర్ మూసేశాను. ఆ పిల్ల మళ్లీ తెరిచింది. చివరి విడతలో జిల్లా దాటి ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. సర్కారు కట్టేది కొంతే. మిగతాది, హాస్టలు వాళ్లమ్మే చూసుకోవాలి.

అప్పుడు ఆ ఊరి మహిళా సంఘం ఆడవాళ్లు ఒక పని చేశారు. సంఘంలో బ్యాంకు లోను వరస ప్రకారం ఇస్తారు. ఈసారి వంతు వేరే ఆమెది, బర్రె కొనుక్కోవడానికి. ఆమె ఇంట్లో ఏసూ లేడు, ప్రార్థనా లేదు. నిండా పసుపు రాసిన గడప ఆమెది. బర్రె ఏడాది ఆగితే ఏం కాదు, పిల్ల చదువు ఆగితే ఆగిపోతుందని తన వంతు వదిలేసింది. నాట్లేసినవాళ్లు, వంతు వదిలినామె, అందరూ కలిసి సంతకాలు పెట్టారు. సర్కారు గీసిన గీత ఏ ఇంటి మధ్య నుంచి పోయిందో ఆ ఊరి ఆడవాళ్లకు పట్టలేదు.

చేరే రోజు నేను కూడా వెళ్లాను. ఆఫీసులో గుమస్తా ఫైలు చూడకుండానే చెయ్యి చాచాడు, ఒరిజినల్స్ అన్నీ ఇచ్చేయండి, ఏడాది ఫీజు మొత్తం కట్టండి, సర్కారు డబ్బు వచ్చినప్పుడు తిరిగిస్తాం అన్నాడు. ఆ డబ్బు ఎప్పుడొస్తుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఒరిజినల్స్ ఇస్తే ఆ పిల్ల నాలుగేళ్లు వాళ్ల బీరువాలో ఉన్నట్టే. ఇవ్వనన్నాను. చూసుకుని వెనక్కివ్వండి, జిరాక్సులు పెట్టుకోండి, సర్కారు కట్టే భాగం సర్కారునే అడగండి, మిగతాది వాయిదాల్లో కడతాం, ఇవన్నీ కాగితం మీద రాసివ్వండి అన్నాను. రూలు ఒప్పుకోదన్నాడు. రూలు చూపించమన్నాను. చూపించలేదు. అయితే నేనూ కదలను అని, ఆయన బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

పొద్దున పదింటికి కూర్చున్నాను. టిఫిన్ డబ్బా అక్కడే తిన్నాను, పచ్చడితో సహా. మీరెవరని అడిగారు, మేనత్తనా, చిన్నమ్మనా అని. ఎల్లారెడ్డిలో లెక్చరర్‌ను అని చెప్పాను. పిల్ల నా పక్కనే నిలబడి ఉంది, బెదరలేదు. మా వెనక వరసలో ఉన్న ఒక తండ్రి కాసేపు విని, గుమస్తా బల్ల మీద పెట్టిన తన కొడుకు ఫైలు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన. మూడింటికి లోపలి నుంచి ఎవరో పెద్దాయన వచ్చి, మా కాగితం మీద సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. బయటికొచ్చాక ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. బాగా ఎక్కువున్నది మేడమ్ అంది.

ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉంది. సర్కారు డబ్బు ఆలస్యమైనప్పుడల్లా ఆ కాలేజీ వాళ్లు ఆ పిల్లను పిలుస్తారు, ఆ పిల్ల ఆ ముద్ర కాగితం చూపిస్తుంది. సంఘం లోను వాళ్లమ్మ నెలనెలా కడుతూనే ఉంది. వంతు వదిలినామెకు బర్రె కూడా వచ్చింది.

కాగితాల క్లాసు ఇప్పటికీ పెడుతున్నాను. చివర్లో కొందర్ని ఆగమని, తలుపు దగ్గరికి వేసి గుసగుసలాడటం మానేశాను. రూలు ఏమిటో అందరి ముందూ తలుపులు తెరిచే చెబుతున్నాను. గోడ మీద ఏముండాలో నేను చెప్పను. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో క్యాలెండర్లు బొంతల్లోకి పోతున్నాయని తెలుసు. వాళ్లను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు, ఇంకెవరికైనా ఉందనుకోను. తప్పు క్యాలెండరు దాచినవాళ్లది కాదు, దాచేదాకా తెచ్చినవాళ్లది. ఆ తెచ్చినవాళ్లకు చేతనైనంత సాయం చేసినదాన్ని నేను కూడా.

అందుకే ఏటా జూన్‌లో ఒక సోమవారం కామారెడ్డి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోటికి వెళ్తాను. చదువుకు ఇచ్చే డబ్బు ఇంటి కష్టం చూసి ఇవ్వండి, గోడ చూసి కాదు అని రాసిస్తాను. మొదటేడు ఒక్కదాన్నే వెళ్లాను. తర్వాతి ఏడు నర్సింగ్ పిల్ల సెలవు చూసుకుని వచ్చింది. ఈ ఏడు మా కాలేజీ పిల్లలు పదకొండు మంది వచ్చారు, అందులో ప్రార్థనకు పోయేవాళ్లు నలుగురే. అర్జీ తీసుకునే అతనికి నా మొహం బాగా గుర్తు. మళ్లొచ్చిండ్రా మేడమ్, ఇది మన చేతులది కాదు, ఢిల్లీ దాకా పోవాలె అంటాడు. పోనీ, ఇక్కడి నుంచే బయల్దేరనీయండి అంటాను. రసీదు అడిగి తీసుకుంటాను. కాంట్రాక్టు రెన్యువల్ ప్రతిసారీ ఆలస్యమవుతుంది, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా సరే, వచ్చే ఏడు కూడా వెళ్తాను.

మొన్న ఆ ఊరు వెళ్లాను. పంచలో కొత్త రేకులు. లోపల క్యాలెండరు ఈ ఏడాదిది. దాని పక్కన వెంకటేశ్వరస్వామి అలాగే ఉన్నాడు, అద్దం మీద దుమ్ము కూడా లేదు. తల్లి టీ పోస్తుంటే ఆ ఫోటో చూడలేక చూడలేక అడిగేశాను. అక్కా, అది నాకిచ్చెయ్యి, తీసుకుపోతాను, నేను చేసిన తప్పు మీ గోడ మీద వేలాడుతున్నట్టుంది అన్నాను.

ఆమె గ్లాసు నా చేతికిచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"గిర్దావర్ సారు వస్తున్నడని మాది తియ్యలే మేడమ్," అంది. "నువ్వు సిగ్గుపడుతున్నవని నీది తీస్తనా?"